దిగువ కృష్ణా డెల్టాలో కుందేళ్ల పెంపకం: బొరియ జీవి లక్షణాలు, ప్రవర్తన, యాజమాన్యం

కృష్ణా డెల్టా దిగువ భాగంలో, మచిలీపట్నం, పామర్రుల మధ్య గల గూడూరు మండలం కాలువ నీటిపై ఆధారపడిన వరి ప్రాంతం. సార్వా వరి తరువాత మాగాణి భూముల్లో మినుము, పెసర, పిల్లిపెసర వంటి పైర్లు వేస్తారు. పచ్చిమేతకు కొరత లేదు. కొద్దిపాటి స్థలంలో, తక్కువ పెట్టుబడితో చేపట్టగల ఉపవృత్తిగా కుందేళ్ల పెంపకం ఇటువంటి గ్రామాల్లోని చిన్న రైతులను, నిరుద్యోగ యువతను ఆకర్షించడం సహజం. అయితే శీతాకాలంలో కొన్న కుందేళ్లు ఒకటి రెండు ఈతలు బాగా ఈని, వేసవి రాగానే కొన్ని చనిపోవడం, మిగిలినవి వర్షాకాలంలోనూ చూడి కట్టకపోవడం ఉష్ణ తీర ప్రాంతాలలో తరచు ఎదురయ్యే సమస్య. దీనికి జాతిని, దాణాను, కొన్నిసార్లు అదృష్టాన్ని కారణంగా చెప్పుకోవడం కనిపిస్తుంది. అసలు కారణం కుందేలు జీవలక్షణాలలోనే ఉన్నది. పెంపుడు కుందేలు బొరియలో నివసించడానికి రూపొందిన జంతువు. బొరియ దానికి చల్లదనాన్ని, చీకటిని, పొడిదనాన్ని, నిశ్శబ్దాన్ని ఇస్తుంది. బొరియ లేనిచోట ఈ నాలుగింటిని పెంపకందారుడు సమకూర్చవలసి ఉంటుంది.

ఒకే పేరు, రెండు జంతువులు

తెలుగులో ‘కుందేలు’ అనే మాట రెండు వేర్వేరు జంతువులకు వర్తిస్తున్నది. పొలాల గట్ల మీద, తీర ప్రాంతపు పొదల్లో కనిపించే అడవి కుందేలు, అంటే చెవులపిల్లి, శాస్త్రీయంగా లెపస్ నైగ్రికొల్లిస్. దక్షిణ భారతంలోని ఈ జంతువుకు మెడ వెనుక నల్లని మచ్చ ఉంటుంది. బోనులో పెంచే కుందేలు ఒరిక్టోలేగస్ క్యునిక్యులస్. దీని స్వస్థలం స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పం. ‘ఒరిక్టోలేగస్’ అనే గ్రీకు మూలపదానికి ‘తవ్వే కుందేలు’ అని అర్థం.

ఈ రెండూ లెపోరిడే కుటుంబానికి చెందినవే అయినా వాటి జీవనవిధానం భిన్నం. చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డి దుబ్బుల మధ్య శరీరం పట్టేంత పల్లంలో పడుకొని, ప్రమాదం ఎదురైతే పరుగెత్తి తప్పించుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు బొచ్చు లేకుండా, మూసిన కళ్లతో, తమ శరీర ఉష్ణోగ్రతను తాము నిలుపుకోలేని స్థితిలో పుడతాయి. బొరియ లోపలి రక్షణ ఉన్నందువల్లనే అటువంటి బలహీనమైన పిల్లలు బతకగలుగుతున్నాయి. చెవులపిల్లి కణాలలో 48 క్రోమోజోములు, పెంపుడు కుందేలు కణాలలో 44 క్రోమోజోములు ఉంటాయి. కాబట్టి ఈ రెండింటిని జతకలిపి గట్టి సంకరజాతిని తయారుచేయవచ్చన్న ఊహకు ఆధారం లేదు. అడవి కుందేలును పట్టడం, పెంచడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న విషయాన్ని కూడా విస్తరణ సిబ్బంది స్పష్టంగా తెలియజేయాలి.

కుందేలు ఎలుక జాతికి చెందినదనే అభిప్రాయం కూడా సరికాదు. కుందేలుకు పై దవడలో ముందు రెండు పెద్ద కొరుకుపళ్ల వెనుక మరో రెండు చిన్న పళ్లు ఉంటాయి. ఎలుకకు ఇవి ఉండవు. ఈ భేదాలను బట్టి 1912లో గిడ్లీ అనే శాస్త్రవేత్త కుందేళ్లను లాగోమార్ఫా అనే ప్రత్యేక వర్గంగా విడదీశాడు. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు గల మేతను నమలడం వల్ల అవి అరుగుతాయి. మెత్తని దాణా మాత్రమే ఇస్తే పళ్లు పెరిగి వంకరపోయి, జంతువు మేత మానివేస్తుంది.

డెల్టా నేల, బొరియ జీవి

1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా ప్రాంతంలో వేట వినోదం కోసం వదిలిన అడవి జాతి కుందేళ్లు కొన్ని దశాబ్దాలలోనే ఆ ఖండంలోని దక్షిణ భాగమంతా వ్యాపించి పంటలకు, పచ్చికబయళ్లకు అపారనష్టం కలిగించాయి. అదే జంతువు ఆ ఖండపు ఉత్తర భాగంలోని తేమతో కూడిన ఉష్ణమండల ప్రాంతాలలో నిలదొక్కుకోలేకపోయింది. వేడి, తేమ కలిసినచోట, బొరియ నిలవని బరువైన బంకమట్టి నేలల్లో దాని సంతానశక్తి అక్కరకు రాలేదు.

గూడూరు పరిసరాల నేల నల్లని బరువైన బంకమట్టి. వర్షాకాలంలో ఉబ్బి, వేసవిలో నెర్రెలు విడుస్తుంది. భూగర్భజలం పైకే ఉంటుంది. తీరం దగ్గరపడేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. ఇటువంటి నేలలో కుందేళ్లను గోతుల్లో లేదా నేలమీద వదిలి పెంచడం తగదు. బొరియల్లో నీరు ఊరుతుంది. తడినేల వల్ల కాళ్లకు పుండ్లు, కాక్సీడియోసిస్, శ్వాసకోశ వ్యాధులు వస్తాయి. నేలకు కనీసం మూడడుగుల ఎత్తున అమర్చిన గూళ్లే ఇక్కడ అనువైనవి.

వేడిమి: శరీరం చేయగలిగినది, చేయలేనిది

కుందేలు సాధారణ శరీర ఉష్ణోగ్రత సుమారు 38.5 నుంచి 39.5 డిగ్రీల సెల్సియస్. దానికి పనిచేసే చెమట గ్రంథులు దాదాపు లేవు. కుక్కవలె నాలుక చాచి ఒగర్చి చల్లబడే శక్తి కూడా తక్కువ. శరీర ఉపరితలంలో సుమారు 12 శాతం ఉండే చెవులలోని రక్తనాళాలను వ్యాకోచింపజేసి వేడిని బయటికి పంపడం దాని ప్రధాన సాధనం. చుట్టూ ఉన్న గాలి శరీరం కంటే చల్లగా ఉన్నప్పుడే ఈ సాధనం పనిచేస్తుంది. 15 నుంచి 25 డిగ్రీల మధ్య కుందేలు సుఖంగా ఉంటుంది. 30 డిగ్రీలు దాటితే మేత తగ్గిస్తుంది. 35 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే శరీర ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుకోలేదు.

తీర ప్రాంతంలో ఉష్ణోగ్రతను మాత్రమే చూస్తే సరిపోదు. కుందేళ్లపై వేడి ఒత్తిడిని అంచనా వేయడానికి ఈ సూచికను వాడతారు:

సూచిక = ఉ − [(0.31 − 0.31 × తే) × (ఉ − 14.4)]

ఇందులో ‘ఉ’ గాలి ఉష్ణోగ్రత (డిగ్రీల సెల్సియస్), ‘తే’ గాలిలో సాపేక్ష తేమ (75 శాతమైతే 0.75). విలువ 27.8 కంటే తక్కువైతే ఒత్తిడి లేదు. 27.8 నుంచి 28.9 వరకు మధ్యస్థం, 28.9 నుంచి 30 వరకు తీవ్రం. 30 లేదా అంతకు మించితే అతితీవ్రం.

ఉదాహరణకు 28 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న శీతాకాలపు పగలు సూచిక 26.3, ఒత్తిడి లేదు. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం సూచిక 32.5, అతితీవ్రం. 29 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న వేసవి రాత్రి కూడా 28.3 వస్తుంది. అంటే అటువంటి రాత్రివేళ సైతం జంతువు పూర్తిగా కోలుకోదు.

ఈ లెక్క గోనెపట్టాల విషయంలో ఒక ముఖ్యమైన అంశాన్ని తెలియజేస్తుంది. పడమటి వడగాలి వీచే రోజున 38 డిగ్రీలు, 35 శాతం తేమ ఉంటే సూచిక 33.2. తడిపిన గోనెపట్టాలు కట్టి షెడ్డులోని గాలిని 31 డిగ్రీలకు, సుమారు 65 శాతం తేమకు తేగలిగితే సూచిక 29.2కు దిగుతుంది. కాని సముద్రపు గాలి తిరిగి 34 డిగ్రీల వద్ద 75 శాతం తేమ ఉన్నప్పుడు, గాలిని ఎంత తడిపినా 30 డిగ్రీల కంటే చల్లబడదు. అప్పటికి అది పూర్తిగా తేమతో నిండి సూచిక 30 వద్దనే నిలుస్తుంది. కాబట్టి పొడిగాలి రోజుల్లో గోనెపట్టాలు తడపాలి. ఉక్కపోత రోజుల్లో వాటిని పైకి చుట్టి, గాలి ధారాళంగా ఆడేటట్లు చేసి, పంకాలు వాడాలి. మెట్ట ప్రాంతాలకు ఇచ్చే సలహాను తీర మండలాలకు యథాతథంగా అందించరాదు.

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. డెల్టాలో సులభంగా దొరికే తాటాకు కప్పు రేకుల కంటే చల్లగా ఉంటుంది. చూరు కిందికి దించి ఎండ, జల్లు గూళ్లపై పడకుండా చూడాలి. అక్టోబరు, నవంబరు మాసాల్లో తుపాన్లు వచ్చే ప్రాంతం కనుక కప్పును గుంజలకు గట్టిగా బిగించాలి. షెడ్డు నేలను ఊరి ముంపు మట్టం కంటే ఎత్తుగా నింపాలి.

రెండుసార్లు తినే మేత

కుందేలు జీర్ణవ్యవస్థలో ప్రధానమైనది అంధనాళం. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఉండే ఈ పెద్ద సంచిలో సూక్ష్మజీవులు మేతను పులియబెడతాయి. అక్కడ తయారైన, మాంసకృత్తులు, బి విటమిన్లు గల మెత్తని పెంటికలను కుందేలు నేరుగా మలద్వారం నుంచి తీసుకొని మింగుతుంది. 1882లో ఫ్రెంచి పశువైద్యుడు మోరో దీనిని వర్ణించాడు. ఇది రోగం కాదు, దురలవాటు కాదు. పిల్లలు ఘనాహారం తినడం మొదలుపెట్టిన మూడో వారం నుంచి ఈ ప్రవర్తన ప్రారంభమవుతుంది. గూడు కింద కనిపించే గట్టి గుండ్రని పెంటికలు రెండోసారి జీర్ణమైన మేత శేషం.

కుందేలు మేత ఎక్కువగా సాయంత్రం, రాత్రి తింటుంది. పగలు విశ్రాంతి తీసుకుంటూ మెత్తని పెంటికలను తింటుంది. పగటివేళ షెడ్డులో అలజడి ఉంటే ఈ క్రమం చెడుతుంది. గూడు కింద మెత్తని, జిగురు పెంటికలు గుత్తులుగా కనిపిస్తే మేతలో పిండిపదార్థం లేదా మాంసకృత్తులు ఎక్కువై పీచు తగ్గిందని, లేదా జంతువు ఒత్తిడిలో, నొప్పిలో ఉన్నదని గ్రహించాలి. పెరిగే పిల్లలకు, పాలిచ్చే తల్లులకు దాణాలో 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు, మొత్తం మేతలో 12 నుంచి 16 శాతం ముడిపీచు ఉండాలి. దాణాలో ఎక్కువ భాగాన్ని సూర్యాస్తమయం తరువాత ఇవ్వాలి.

గూడూరు వంటి ప్రాంతంలో మాగాణి పిల్లిపెసర, పారాగడ్డి, అవిశ ఆకు, మినుము, పెసర పొట్టు మంచి మేత వనరులు. వాడేటప్పుడు ఈ జాగ్రత్తలు అవసరం:

• పచ్చిమేతను కోసిన వెంటనే, మంచుతో తడిసి ఉండగా పెట్టరాదు. నీడలో కొన్ని గంటలు వాడనిచ్చి ఇవ్వాలి. మేత మార్పును వారం పది రోజులలో క్రమంగా చేయాలి.

• మినుముపై తెల్లదోమ, మారుకా పురుగు నివారణకు మందులు పిచికారీ చేస్తారు. అటువంటి చేల ఆకును, పొట్టును మందు ప్రభావం తీరే గడువు దాటకుండా వాడరాదు.

• తేమగాలికి వేరుశనగ చెక్క, తవుడు త్వరగా బూజుపడతాయి. బూజులోని అఫ్లాటాక్సిన్‌కు కుందేలు అత్యంత సున్నితమైనది. దాణాను పదిహేను రోజులకు సరిపడా మాత్రమే నిల్వచేయాలి.

• కోళ్ల దాణాను కుందేళ్లకు పెట్టరాదు. అందులో కలిపే సాలినోమైసిన్, నరాసిన్ వంటి మందులు కుందేళ్లకు విషతుల్యం. అలాగే ఆంపిసిలిన్, అమోక్సిసిలిన్ వంటి మందులను నోటిద్వారా ఇస్తే అంధనాళంలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి, ప్రాణాంతకమైన విరేచనాలు పట్టుకుంటాయి.

జతకట్టడం, ఈత

ఆడ కుందేలుకు ఆవు, గేదెలవలె క్రమమైన ఎద చక్రం లేదు. జతకట్టిన 10 నుంచి 12 గంటల తరువాత అండాలు విడుదలవుతాయి. జననాంగపు పెదవులు ఎర్రగా ఉబ్బి ఉన్నప్పుడు జతకట్టడానికి ఒప్పుకొనే అవకాశం ఎక్కువ. మగ కుందేలు గడ్డం కింది గ్రంథుల వాసనను గూటికి రుద్ది తన హద్దును గుర్తిస్తుంది. కొత్తచోట చేర్చిన మగది ముందు ఆ పరిసరాలను వాసన చూడడంలో కాలం గడుపుతుంది. తన గూట్లోకి వచ్చిన మగదానిపై ఆడది తిరగబడుతుంది. అందువల్ల ఎల్లప్పుడూ ఆడ కుందేలునే మగదాని గూటికి తీసుకుపోవాలి. వేసవి అంచుల్లో ఈ పనిని తెల్లవారుజామున చేయాలి.

చూడికాలం 30 నుంచి 32 రోజులు. 27వ రోజున ఈత పెట్టెను ఉంచాలి. తల్లి ఒంటి బొచ్చు పీకి అందులో పరుస్తుంది. పిల్లలకు రోజుకు సాధారణంగా ఒకసారి, మూడు నుంచి ఐదు నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. అడవిలో బొరియ ద్వారాన్ని మట్టితో మూసి వెళ్లి, మరునాడు తిరిగివచ్చే తల్లి ప్రవర్తన ఇది. శత్రువుల దృష్టి పిల్లలపై పడకుండా ఇది కాపాడుతుంది. దీనిని తెలియనివారు తల్లి పిల్లలను వదిలివేసిందని భావించి బలవంతంగా పాలు పట్టించడం, తల్లిని పెట్టెలో బంధించడం చేస్తారు. భయపడిన తల్లి పిల్లలను తొక్కివేయవచ్చు. ఉదయం ఒకసారి పెట్టె చూసి, పిల్లల పొట్టలు నిండుగా, చర్మం ముడతలు లేకుండా ఉంటే పాలు అందినట్లే. తల్లి పాలలోని వాసన పదార్థం ఒకటి పిల్లలను చనుమొనల వైపు నడిపిస్తుందని 2003లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు నిరూపించారు. కళ్లు తెరవకముందే ఆ కొద్ది నిమిషాల్లో పిల్లలు పొట్టనింపుకోగలగడానికి ఇదే ఆధారం.

పిల్లల కళ్లు 10 నుంచి 11 రోజులకు తెరుచుకుంటాయి. మూడో వారంలో పెట్టె నుంచి బయటికి వస్తాయి. 28 నుంచి 35 రోజుల మధ్య తల్లి నుంచి వేరుచేయాలి. ఈత సమయంలో నీరు కొరతైతే తల్లి పిల్లలను తినే ప్రమాదం ఉన్నది. చీమలు, ఎలుకలు, పాములు, పిల్లుల బెడదకు గూటి కాళ్లను నీటి గిన్నెల్లో ఉంచడం, సన్నని జాలీ బిగించడం అవసరం.

గొడ్డుదనం ఎవరిది?

వేసవి నష్టాలలో కంటికి కనిపించనిది మగ కుందేలు వంధ్యత్వం. 30 డిగ్రీలకు మించిన వేడిలో కొన్ని వారాలున్న మగ కుందేలు వీర్యంలో కణాల సంఖ్య, చలనం తగ్గుతాయి. వీర్యకణం తయారవడానికి సుమారు ఏడు వారాలు, పక్వానికి మరో వారం పది రోజులు పడుతుంది. కాబట్టి జూన్ చివరలో ఎండలు తగ్గినా ఆగస్టు చివరి వరకు మగది కోలుకోదు. వానాకాలపు ఉక్కపోత కొనసాగితే మరింత ఆలస్యమవుతుంది. ఈలోగా అది ఉత్సాహంగానే జతకడుతుంది. ఫలించని జతవల్ల ఆడది 16 నుంచి 18 రోజులు మిథ్యాగర్భం దాల్చి, బొచ్చు పీకి గూడు కట్టుకొని, చివరికి ఈనదు. రైతు దానిని గొడ్డుదని నిర్ణయించి అమ్మివేస్తాడు. మంచి తల్లిని పోగొట్టుకొని, లోపమున్న మగదానిని మరో ఆడదానితో జతకలుపుతాడు.

జూలై నుంచి అక్టోబరు మధ్య వరకు ఈనని ఆడ కుందేళ్లను తొలగించే ముందు, ముందుగా మగ కుందేలును పరీక్షించాలి. అనేక ఆడవి ఒకే మగదానితో జతకట్టి ఈనకపోతే లోపం మగదానిదే. వేసవిలో షెడ్డులోని అతి చల్లని చోటును మగ కుందేళ్లకు కేటాయించడం ఉత్తమం.

ఈత పంచాంగం, ఆదాయపు లెక్క

పై అంశాలన్నింటినీ బట్టి దిగువ డెల్టాలో నమ్మదగిన జతకాలం అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం వరకు మాత్రమే. అక్టోబరు చివరి వారంలో జతకలిపితే నవంబరు చివరలో మొదటి ఈత, డిసెంబరు చివరి జతకు జనవరి చివరలో రెండో ఈత, ఫిబ్రవరి మొదటి వారపు జతకు మార్చి రెండో వారంలో మూడో ఈత వస్తాయి. ఏప్రిల్ మధ్యకు చివరి పిల్లలు తల్లినుంచి వేరవుతాయి. ఈతకు ఐదారు పిల్లలు మిగిలితే ఆడదానికి ఏడాదికి 15 నుంచి 18 పిల్లలు.

ఏడాదికి ఆరేడు ఈతలు, అన్ని పిల్లలనూ తిరిగి కొంటామన్న హామీ చూపి జంటలను అధిక ధరకు అమ్మేవారి లెక్కకు, ఈ లెక్కకు మధ్య సగానికి పైగా తేడా ఉన్నది. మూడు ఈతల లెక్కతో లాభం రాని యూనిట్‌ను ఈ ప్రాంతంలో ప్రారంభించకపోవడమే మేలు. మాంసానికి స్థానికంగా ఉన్న గిరాకీని రైతు స్వయంగా విచారించుకొన్న తరువాతనే పెట్టుబడి పెట్టాలి.

జంతువులను తెచ్చే కాలం కూడా ముఖ్యం. సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్ వంటి జాతులపై కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధనా సంస్థ (అవికానగర్)కు చెందిన మన్నవనూరు కేంద్రం పనిచేస్తున్నది. ఇది కొడైకెనాల్ కొండల్లో సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ప్రదేశం. అటువంటి చోట పుట్టిన కుందేళ్లను డెల్టాకు నవంబరు, డిసెంబరు మాసాల్లోనే, లేతవయసులో తేవాలి. ఏప్రిల్‌లో తెస్తే వాటికి అలవాటుపడే వ్యవధి ఉండదు.

పట్టుకోవడం, గమనించడం

కుందేలు వేటకు గురయ్యే జంతువు. భయపడితే కదలక ఉండిపోతుంది లేదా వెనుక కాలితో నేలను తన్ని హెచ్చరిస్తుంది. నొప్పిని బయటపెట్టదు. దాని ఎముకల బరువు శరీర బరువులో 8 శాతానికి మించదు. వెనుక కాళ్ల కండరాలు మాత్రం బలమైనవి. చెవులు పట్టి ఎత్తితే గింజుకొని తన నడుము ఎముకనే విరగ్గొట్టుకుంటుంది. మెడపై వదులు చర్మాన్ని ఒక చేత పట్టి, రెండో చేతితో పిరుదులకు ఆసరా ఇచ్చి ఎత్తాలి. మగ పిల్లలను మూడు నెలలు నిండకముందే విడివిడి గూళ్లలోకి మార్చాలి. లేకుంటే పోట్లాడి గాయపడతాయి.

రోజూ ఉదయం నాలుగు విషయాలు చూడాలి: రాత్రి మేత మిగిలిందా, గూడు కింద పెంటికలు ఎలా ఉన్నాయి, ముక్కు తడిగా ఉన్నదా, చెవుల లోపల గజ్జి పెచ్చు ఉన్నదా. ఒక పూట మేత మానిన కుందేలును ఆ రోజే పశువైద్యునికి చూపించాలి. మరణాలు వరుసగా సంభవిస్తే కళేబరాన్ని పరీక్ష కోసం గన్నవరంలోని పశువైద్య కళాశాలకు పంపే ఏర్పాటు చేయాలి. మేత పైర్ల విషయంలో ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం సలహా పొందవచ్చు.

ముగింపు

కుందేలు దిగువ కృష్ణా డెల్టాకు స్వభావసిద్ధమైన జంతువు కాదు. ఇక్కడ మేత ఉన్నది గాని బొరియ లేదు. ఎత్తైన పొడి గూడు, గాలి ఆడే తాటాకు షెడ్డు, మూసిన ఈత పెట్టె, పగటి నిశ్శబ్దం, రాత్రి మేత కలిస్తేనే ఆ లోటు తీరుతుంది. శిక్షణ కార్యక్రమాలలో జాతుల పేర్లు, లాభాల పట్టికల కంటే ముందు ఈ జీవలక్షణాలను, మూడు ఈతల పంచాంగాన్ని బోధించాలి. ఈ రెండూ ముందుగా తెలిసిన రైతు మొదటి వేసవికి తన కుందేళ్లను, పెట్టుబడిని కాపాడుకోగలుగుతాడు. లేదా ఈ ఉపవృత్తి తనకు తగదని డబ్బు పెట్టకముందే నిర్ణయించుకోగలుగుతాడు.